మెగ్ ఒడిలో ఇనుము

గొడవ వాషింగ్ మెషీన్ దగ్గర మొదలైంది.

లోర్నా వారం రోజుల బట్టలు డ్రమ్ములో కుక్కి, సబ్బుపొడి వేసి, మీట తిప్పి టీ కోసం అటు తిరిగిందో లేదో మెషీన్ ఆగిపోయింది. వెనక్కి చూస్తే తల్లి జెస్సీ గోడ ప్లగ్గు పీకేసి, తోక పట్టి ఎత్తిన ఎలుకలా దాన్ని దూరంగా పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, పెట్టు అది."

"పెట్టను. రేపు మీ అన్న పడవ బయల్దేరుతోంది."

"రేపు కదా!"

"ఈ చలిలో నీ బట్టలు ఆరేదీ రేపేగా. పడవ రేవు దాటేదాకా ఈ ఇంట్లో గుడ్డ తడవకూడదు. ఇంట్లో ఉతుకుతుంటే సముద్రం మీద మనిషి కొట్టుకుపోతాడు. పైగా ఆదివారం."

"ఉతికేది నేను కాదు, మెషీన్. కొట్టుకుపోతే దాన్ని చేసిన కంపెనీవాడు పోతాడు."

"నలభై నాలుగేళ్ళొచ్చినా నీకన్నీ వేళాకోళమే."

"నాకు సెలవు దొరికేది ఈ ఒక్క రోజు. రేపు ఆఫీసుకి ఏం తొడుక్కుని పోను?"

"మురికివే తొడుక్కో. అక్కడ నిన్ను చూసేదెవరు, చేపలేగా!"

ముందు గదిలోంచి తండ్రి వాటీ నవ్వు వినిపించింది. నవ్వు సగంలోనే దగ్గయింది. "ఆ మాట మాత్రం నిజమే పిల్లా" అన్నాడు, దగ్గు మధ్యలోనే.

లోర్నా మీట వెనక్కి తిప్పేసింది. తడిసీ తడవని బట్టలు డ్రమ్ములో అలాగే వదిలేసి టీ కప్పుతో వెనక వాకిట్లోకి వెళ్ళింది. అమ్మ మాటకు ఎదురు చెప్పడం ఆమెకు కొత్త కాదు. కానీ ఈవేళ ఉతకడం గురించి గట్టిగా వాదించే మొహం తనకు లేదని తెలుసు. ఆల్బీ మామయ్య ఫోటో ఆ వాషింగ్ మెషీన్ పైన గోడకే ఉంది. అమ్మ తమ్ముడు. ఇరవై ఆరేళ్ళ వయసులో అతని వల సముద్రం అడుగున ఏదో ఇనుముకి తగులుకుని, పడవ వెనక భాగాన్ని కిందికి లాగేయడంతో, ముగ్గురు మనుషులతో సహా మునిగిపోయాడు. ఆ ఇనుము అక్కడుందని పడవవాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళెవరూ చెప్పలేదు.

ఫ్రేజర్‌బరో రేవు ఊళ్ళో చేపల పనిచేసే ప్రతి ఇంట్లోనూ ఒక నియమం ఉంది. నియమమంటే ఎవరూ రాసిపెట్టింది కాదు. సముద్రం అడుగున వల తగులుకునే చోటు ఎవరికైనా కనబడితే, అతను ఇంటికెళ్ళి బూట్లు విప్పకముందే రేవులో నిలబడి దాని జాడ చెప్పాలి. చేపలెక్కడున్నాయో ఎవడూ చెప్పడు, సొంత బావమరిదికైనా చెప్పడు. ఇనుమెక్కడుందో మాత్రం పగవాడికైనా చెబుతాడు. వాటీ పిల్లలకి నడక నేర్పినట్టే ఈ సంగతీ నేర్పాడు.

లోర్నాకి ఒక ఇనుము జాడ తెలిసి మూడు వారాలైంది. ఇంకా బూట్లు విప్పుతూ తొడుగుతూనే ఉంది.

*

ఆమె పని అబర్డీన్‌లో ఒక ఆఫీసు నాలుగో అంతస్తులో. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో రెండు కర్రల్లాంటి మీటలు పట్టుకుంటే, ఎక్కడో అరవై మైళ్ళ అవతల, వెలుతురు దూరని నీళ్ళలో, చిన్న వ్యాను అంత యంత్రం ఒకటి కదులుతుంది. దానికి రెండు ఇనప చేతులు, ఆరు దీపాలు, నాలుగు కెమెరాలు. దాని అసలు పేరు అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటిది. దాన్ని నడిపే పైలట్లందరూ దూడ అంటారు. "దూడని దింపాను", "దూడ తాడు చిక్కుపడింది", ఇలా. ఇక్కడ మీట కదిపితే అక్కడ దూడ అరక్షణం ఆగి కదులుతుంది. కొత్తలో ఆ అరక్షణానికి అందరికీ ఒళ్ళు మండుతుంది. తర్వాత ఒంట్లో కలిసిపోతుంది.

ఒకప్పుడు లోర్నా కూడా ఓడ మీదే ఉండేది. నెలకో రెండు నెలలకో ఇంటికొచ్చేది. ఇప్పుడు రోజూ సాయంత్రం బస్సులో తిరిగొచ్చి అమ్మ వండింది తింటోంది. పొద్దంతా సముద్రం అడుగున ఇనుము కోసి, రాత్రికి బంగాళాదుంపలు తొక్క తీయడం ఆమెకిప్పుడు వింతగా తోచదు.

ఈ రెండేళ్ళుగా కోస్తున్నది డనక్ అనే పాత చమురు ప్లాట్‌ఫారాన్ని. డనక్ అంటే ఏదో చిన్న పిట్ట పేరట. చమురు కంపెనీలకి పిట్టలంటే మహా ప్రేమ. లోర్నా పుట్టకముందు అక్కడ ప్లాట్‌ఫారం లేదు. ఆ చోటికి మరో పేరుండేది, మెగ్ ఒడి. మెత్తటి బురద నేల, పల్లంగా, మనిషి ఒడిలా. వాటీ పదిహేడేళ్ళప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి అక్కడ వల లాగాడు. ఆ ఒడి హ్యాడక్ చేపల రుచి గురించి ఇప్పటికీ చెబుతాడు, విన్నవాళ్ళే మళ్ళీ విన్నా సరే. తర్వాత ప్లాట్‌ఫారం వచ్చింది. చుట్టూ అర కిలోమీటరు లోపలికి ఏ పడవా రాకూడదన్నారు. కంపెనీవాళ్ళు నలభై ఏళ్ళు చమురు తోడుకున్నారు. వాటీ నలభై ఏళ్ళు ఆ గీత బయటినుంచి చూస్తూ పడవ నడిపాడు.

ఇప్పుడు చమురు అయిపోయింది. పైకట్టడాన్ని పెద్ద ఓడొచ్చి ఎత్తుకుపోయింది. మిగిలినవి కాళ్ళు. ఒక్కో కాలినీ నేలకి బిగించిన లావుపాటి ఇనప గొట్టం ఉంటుంది, అడుగు మట్టిలోకి చాలా లోతుగా దిగ్గొట్టి. దాన్ని నేలమట్టం కంటే కిందికి కోయాలి, పైకి ఏమీ మిగలకుండా. పద్ధతి ఇది: గొట్టం లోపల పేరుకున్న మట్టిని ముందు తోడెయ్యాలి, తర్వాత కోసే పనిముట్టుని గొట్టంలోకే దించాలి. అది ఇసుక కలిపిన నీటిని విపరీతమైన ఒత్తిడితో చిమ్మి, లోపలినుంచే ఇనుముని కోసేస్తుంది.

మూడో కాలి దగ్గర మట్టి పూర్తిగా రాలేదు. పనిముట్టు దిగాల్సినంత దిగలేదు. లోర్నాకి అది దింపిన తాడు పొడవు చూడగానే తెలిసిపోయింది.

"బ్యారీ, లోపల మట్టి ఇంకా ఉంది. కత్తి పైనే ఆగింది."

బ్యారీ లమ్స్‌డెన్ ఆమె షిఫ్టుకి పెద్ద. మంచివాడే. పిల్లల పుట్టినరోజులకి అందరికీ కేకు తెస్తాడు. "ఎత్తే ఓడ అక్కడ కాచుకుని ఉంది. వెనక తుఫాను తరుముకొస్తోంది. కోసెయ్యి."

"అలాగైతే నేలకి పైన కోసినట్టవుతుంది."

"కొద్దిగా పైన. కోసెయ్యి లోర్నా."

కోసింది. కోత పూర్తిగా పడకముందే ఓడ పైనుంచి లాగింది. మిగిలిన అంచు చిరిగి వచ్చింది, డబ్బా మూత సగం కత్తిరించి చేత్తో లాగేస్తే లేచినట్టు. మట్టి సర్దుకున్నాక దూడ దీపాల్లో చూస్తే మనిషెత్తు మోడు, దాని మీద పైకి వంగిన పదును. చుట్టూ 'చచ్చినవాడి వేళ్ళు' అనే మెత్తటి పగడాలు కాలినుంచి ఊడిపడి, తెల్లగా, ఇంకా బతికే ఉన్నాయి. ఆ పదును వైపు ఒక పెద్ద వల వస్తే వదలదు.

రెండు రోజుల తర్వాత ఆఖరి చిత్రీకరణ. నేలంతా శుభ్రంగా ఉందని కెమెరాతో చూపించాలి. దూడ మూడో కాలి మూలకి చేరేసరికి బ్యారీ వెనకనుంచి వచ్చి ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా అన్నాడు: "కొంచెం దుమ్ము లేపు."

దుమ్ము లేపడం ప్రతి పైలట్‌కీ తెలిసిందే. చేతకానివాళ్ళు పొరపాటున లేపుతారు. దూడ పంకాలని కిందికి తిప్పితే అడుగు మట్టి లేస్తుంది, తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ కనబడదు. లోర్నా ఇరవై ఏళ్ళుగా పెద్ద చెప్పినదానికి చెయ్యి ముందు కదిపి, తర్వాత ఆలోచించే అలవాటులో ఉంది. చెయ్యి కదిలింది. అరక్షణం. తెర మసకబారింది. దూడ ఆ మసకలోంచే ముందుకు సాగింది, అవతలి వైపు తేటనీళ్ళలోకి.

"ఒక చలికాలం గడిస్తే ఇసుకే కప్పేస్తుంది" అన్నాడు బ్యారీ. "సముద్రం మనకంటే శుభ్రం."

ఆవేళ అందరికీ కేకు కూడా తెచ్చాడు. లోర్నా తింది.

*

ఆ తర్వాత జరగాల్సిన తంతు ఒకటుంది. నేల శుభ్రంగా ఉందని కెమెరా చెప్పినా చేపలవాళ్ళు నమ్మరని, ఒక చేపల పడవనే కుదిర్చి, బరువైన గొలుసులు కట్టిన వలతో ఆ నేల మీద అటూ ఇటూ లాగిస్తారు. ఎక్కడా తగులుకోకపోతే చోటు తెరుచుకున్నట్టే. ఆ గీత ఇక ఉండదు, ఎవరి వలైనా పడవచ్చు.

ఆ పనికి ఈసారి కుదిరింది ఫిన్లే పడవ. లోర్నా అన్న. ఆ వార్త విన్న రోజు వాటీ ఇంట్లో పాట పాడాడు. దగ్గుతో పాట పాడడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. "నేనూ వస్తాను" అన్నాడు. "మెగ్ ఒడిలో ఆఖరి వల లాగిందీ మేమే. మొదటి వల వేసేదీ మేమే."

లోర్నాకి తెలుసు. మోడు అక్కడే ఉంది. తన అన్న పడవ, అందులో తన తండ్రి, దాని మీదుగా వల లాగుతారు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే తన చెయ్యి సంగతి చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళిద్దరూ...

ఈవేళ చెప్పేయాలనే నిశ్చయించుకుంది. ఆమె టీ కప్పుతో ఇంకా వాకిట్లో ఉండగానే ఫిన్లే వెనక గేటు తీసుకుని వచ్చాడు.

"ఏంటే, వాకిట్లో చలికాగుతున్నావా? అమ్మ ఇంట్లోంచి తరిమేసిందా?"

"నీ పడవ కోసం మెషీన్ ఆపేసింది, నా బట్టలు తడిగానే ఉన్నాయి."

"అదృష్టవంతుణ్ణి" అని ఫిన్లే పక్కన గోడ మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి తెర వెడల్పు చేశాడు. "చూడు, రేపు వల లాగాల్సిన గీతలు. ఇంత చక్కగా గీసిచ్చిన పని నా జన్మలో చూడలేదు. పిల్లలు రంగు పెన్సిల్‌తో గీసినట్టుంది."

తెర మీద నేల పటం, దాని మీద ఎర్రగీతలు, వరసగా, దువ్విన జుట్టులా. లోర్నా కళ్ళు తనకు తెలిసిన చోటికి వెళ్ళాయి. అక్కడ దువ్వెన పళ్ళు రెండు ఊడిపోయి ఉన్నాయి. గీతలు అటూ ఇటూ దూరంగా జరిగి, మధ్యలో ఒక ఖాళీ. మూడో కాలి చుట్టూ.

ఆమెకి ముందు ప్రాణం లేచివచ్చింది. అన్నకీ నాన్నకీ ఏమీ కాదు. తర్వాత అర్థమైంది. ఆ ఖాళీ వాళ్ళని కాపాడటానికి కాదు, వల తగులుకోకుండా ఉండటానికి. రేపు సాయంత్రానికి మెగ్ ఒడి శుభ్రమని ఫిన్లే నోటితో చెప్పిస్తారు. ఎల్లుండినుంచి ఎవరైనా అక్కడ వల వేయొచ్చు.

"ఇక్కడ ఖాళీ ఎందుకు?" అంది.

"నేనూ అదే అడిగాను." ఫిన్లే ఆమెకేసి చూడలేదు. "అక్కడ కెమెరాతో దగ్గరగా చూశారు, మళ్ళీ లాగక్కర్లేదు అన్నాడు ఆ ఆఫీసువాడు. 'చూసింది ఎవరనుకున్నావు, మీ చెల్లెలే' అన్నాడు. అంతకంటే నమ్మకం ఎక్కడ దొరుకుతుందన్నాడు."

లోర్నా టీ కప్పు పక్కన పెట్టింది.

"చూశావా, లేదా?" అన్నాడు ఫిన్లే.

చెప్పేసింది. కత్తి దిగకపోవడం, చిరిగిన అంచు, మనిషెత్తు మోడు, దుమ్ము. ఒక్కటీ దాచలేదు. ఫిన్లే తెర ఆర్పేశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నువ్వు నాకు చెప్పలేదనుకో."

"చెప్పానుగా!"

"గీతలు వాళ్ళవి. వల నాది. పడవ బ్యాంకుది. గీసిన చోట లాగమన్నారు, లాగుతాను. గీయని చోటి గురించి నన్నెవరూ అడగలేదు."

"మరి తర్వాత వచ్చేవాడు?"

"తర్వాతివాడు తన కళ్ళు తెచ్చుకుంటాడు." లేచాడు. ముఖం వాడిపోయి ఉంది. "ఇలాంటి పనులు ఇంకా ఏడెనిమిదున్నాయి లోర్నా. ఈ ఒక్కటి సవ్యంగా జరిగితే మిగిలినవీ నాకే. చేపలు పట్టి పడవ నిలబెట్టుకునే రోజులు పోయాయి. నీకు తెలియదా? రోజూ ఆఫీసులో కూర్చునేదానివి, నీకెందుకు తెలుస్తుందిలే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

*

మధ్యాహ్నం భోజనానికి జెస్సీ స్టోవీలు చేసింది. నిన్నటి మాంసం కొవ్వులో ఉల్లిపాయలు వేయించి, బంగాళాదుంపలు వేసి, మెల్లగా మగ్గబెట్టి. పక్కన ఓట్ రొట్టెలు, బీట్‌రూట్ పచ్చడి. ఫిన్లే భార్యాపిల్లలు ఆమె పుట్టింటికి వెళ్ళారు, అందుకని బల్ల దగ్గర నలుగురే. వాటీ ప్రార్థన చెప్పాడు. సముద్రం మీద వెళ్ళేవాళ్ళందరినీ కాపాడమన్నాడు, 'అందరినీ' అన్న మాటని ఎప్పటిలాగే సాగదీసి. వడ్డన మొదలైంది.

"రేపు ఈ వేళకి మెగ్ ఒడిలో ఉంటాం" అన్నాడు వాటీ. "జెస్సీ, నా పాత ఊలు టోపీ ఎక్కడ పెట్టావు?"

"చిమ్మెట తిన్న చోట."

"అది తింటే నాకు కొత్తది అల్లి పెట్టి ఉండాల్సింది."

"నాన్నా" అంది లోర్నా. ఫిన్లే చెంచా ఆగింది. "మెగ్ ఒడిలో ఇనుము ఉంది. మూడో కాలి మోడు. మనిషెత్తు."

జెస్సీ గరిట గిన్నెలో పెట్టేసింది. లోర్నా ఇంకోసారి అంతా చెప్పింది, ఈసారి పొట్టిగా. వాటీ కొడుకుకేసి చూశాడు.

"నీకు తెలుసా?"

"పొద్దున చెప్పింది. గీతలు దాని మీదుగా వెళ్ళవు. మనకేం కాదు నాన్నా."

లోర్నా తండ్రి ముఖం చూస్తూ ఉంది. చిన్నప్పుడు రేవులో ఆయన బూట్లతో నిలబడి, పొరుగూరి పడవలవాళ్ళకి, తిట్టుకున్నవాళ్ళకి కూడా, వల తగిలిన చోటు గొంతెత్తి చెప్పడం చూసింది. ఇప్పుడూ ఆ గొంతే వస్తుందనుకుంది. వాటీ రొట్టె ముక్క తుంచాడు. దాన్ని ఇంకా చిన్నగా తుంచాడు.

"మన పటంలో గుర్తు పెట్టుకుందాం" అన్నాడు ఆఖరికి. "మనవాళ్ళకి చెవిలో వేద్దాం."

"మనవాళ్ళంటే ఎవరు?"

"బంధువులు. ఈ వీధి."

"పక్క ఊరివాళ్ళు?"

"పక్క ఊరివాళ్ళు మనకేం ఒరగబెట్టారు?"

"డెన్మార్కు పడవలు? స్పెయిన్ పడవలు?"

"డెన్మార్కువాడి గురించి నాకెందుకే! నలభై ఏళ్ళు ఆ ఒడి మూసేశారు. నా బతుకంతా దానికి అవతల గడిచింది. ఇప్పుడు తెరుచుకుంటోంది. నువ్వు చెప్పావనుకో, మళ్ళీ మూసేస్తారు. లేదా ఆ మోడు మీద ఓడల కొద్దీ రాళ్ళు పోస్తారు. ఇక ఎవడి వలా పడదు. నీ అన్న పని పోతుంది. నీ పని పోతుంది." దగ్గు వచ్చింది. ఆగాక మెల్లగా అన్నాడు: "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది పిల్లా."

"ఆల్బీ మామయ్యకి ఎవరైనా చెప్పి ఉంటే..."

"తినేటప్పుడు ఆ మాటలెందుకు?" అంది జెస్సీ. గరిటతో ఇంకొంచెం లోర్నా కంచంలో వేసింది, ఆమె వద్దంటున్నా. "చల్లారిపోతుంది, ముందు తిను."

లోర్నా తల్లి చేతికేసి చూసింది. తండ్రి తుంచిన రొట్టె ముక్కలకేసి చూసింది. అన్న ఫోన్ బల్ల అంచున బోర్లా పడి ఉంది. తిలాపాపం తలా పిడికెడు. ఇప్పుడు నలుగురి కంచాల్లోనూ సమానంగా వడ్డించి ఉంది. బ్యారీ ఆవేళ కేకు కోసి పంచినట్టే.

మోడు అక్కడే ఉంటుంది. ఇసుక దాన్ని కప్పుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఎప్పుడో, ఎవరో మంచి పట్టు దొరికిందని వల బరువుగా వస్తోందని సంబరపడతారు.

కంచం పక్కకి జరిపింది.

"రేపు పొద్దున చేపల వేలం మొదలయ్యే వేళకి రేవుకి వెళతాను" అంది. తండ్రికేసి తిరిగింది. "మోడు ఎక్కడుందో, ఎంత ఎత్తుందో అక్కడున్నవాళ్ళందరికీ చెబుతాను. కెమెరా ముందు దుమ్ము లేపింది నేనేనని కూడా చెబుతాను. అక్కణ్ణుంచి ఆఫీసుకి వెళ్ళి బ్యారీకీ, వాడి పైవాళ్ళకీ అదే చెబుతాను. ఫిన్లే, నీకు తెలుసని నేను ఎవరికీ చెప్పను. అడిగితే మాత్రం అబద్ధమాడను."

"ఈ ఇంట్లో ఉండే చెబుతావా అదంతా?" అన్నాడు వాటీ.

"మీరు ఉండమంటే ఇక్కడ ఉండి చెబుతాను. వద్దంటే ఈ సాయంత్రమే వెళ్ళిపోతాను. చెప్పడం మాత్రం చెబుతాను నాన్నా."